ఎఱ్ఱకోటు వెనుక

2025 జూన్ 14వ తేదీ శనివారమునాడు బ్రిటిష్ సేనలు లోకమునకు రెండు విధములుగా దర్శనమిచ్చినవి. పగలు లండనులోని హార్స్ గార్డ్స్ మైదానమున చార్లెస్ రాజుగారి జన్మదినోత్సవ కవాతు జరిగినది. ఎఱ్ఱని కోటులు, ఎలుగుబంటి తోలు టోపీలు, అద్దమువలె మెఱయు బూట్లు, గుఱ్ఱములు, వాద్యబృందములు, అన్నియు గీత గీచినట్లు నడచినవి. ఆ రాత్రియే, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అను విమానవాహక నౌకనుండి లేచిన ఎఫ్-35 యుద్ధవిమానమొకటి, వాతావరణము బాగులేక, ఇంధనము తరిగి, తిరిగి నౌకను చేరజాలక మన తిరువనంతపురమున దిగినది. దిగిన విమానము మరల లేవలేదు. హైడ్రాలిక్ యంత్రాంగము చెడినదని తెలిసినది. నౌకనుండి వచ్చిన పనివారివలన కాలేదు. జూలై 6న ఇంగ్లండునుండి నిపుణులు వచ్చి, దానిని షెడ్డులోనికి లాగి, మరమ్మతు చేసి, 22వ తేదీన సాగనంపిరి. దాదాపు 11 కోట్ల డాలర్ల వెలగల యంత్రము 38 దినములు మనకు అతిథియైనది. ఆ విమానమునకు తమ నాడు విడిచిపోవ మనసొప్పకున్నదని కేరళ పర్యాటక శాఖవారు పరిహాసప్రకటన కూడ చేసిరి.

ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన పెట్టి "పైన పటారము, లోన లొటారము" అని నవ్వుకొనుట సులభము. ఇంగ్లండులోనే అట్లు నవ్వినవారు లేకపోలేదు. కాని ఆ సామెత ఇచట పూర్తిగా అతకదు. పటారము పని చేయువారును, రణరంగమున పని చేయువారును ఆ దేశమున వేఱువేఱు మనుష్యులు కారు. చిక్కంతయు అచటనే యున్నది.

ముందుగా కవాతు సంగతి. దీనిని వారు ట్రూపింగ్ ది కలర్ అందురు. పూర్వము యుద్ధభూమిలో తుపాకిమందు పొగ క్రమ్మినపుడు సైనికుడు తన పటాలమెక్కడ నున్నదో తెలిసికొనుటకు జెండాయే ఆధారము. ఆ జెండా రంగు ప్రతివాని కంటికి పరిచయమగుటకై దానిని వరుసల ముందునుండి మెల్లగా త్రిప్పెడివారు. ఇది వట్టి వేడుకగా పుట్టినది కాదు, శిక్షణగా పుట్టినది. 1748 నుండి దానిని రాజుగారి జన్మదినముతో ముడిపెట్టిరి. ఇప్పుడు 1,400 మందికి పైగా సైనికులు, 200 గుఱ్ఱములు, 400 మంది వాద్యకారులు ఇందు పాల్గొందురు. 2025లో మనకు సంబంధించిన సంగతి యొకటి ఇందు చేరినది. రెండు దినములకు ముందు అహమ్మదాబాదులో లండనుకు బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము కూలినది. ఆ మృతులకై రాజుగారును, కవాతున పాల్గొన్న కుటుంబీకులును చేతికి నల్లపట్టీలు ధరించిరి. మైదానమంతయు ఒక నిమిషము మౌనము వహించినది.

ఆ ఎఱ్ఱకోటు ఉన్నితో నేసినది. ఆ టోపీ కెనడా అడవుల నల్ల ఎలుగుబంటి తోలు. 2023 జూన్ 10న, ఉత్సవమునకు ముందు జరుగు సమీక్షలో, ఎండ 30 డిగ్రీలు తాకగా కొందఱు గార్డులు నిలుచున్నచోటనే కుప్పగూలిరి. ట్రాంబోను వాయించు సైనికుడొకడు పడి, లేచి, మరల వాద్యమెత్తుకొని వాయింపబోయినాడు. తుదకు అతనిని మోసికొనిపోవలసివచ్చినది. మన ఎండలు తెలిసినవారికి 30 డిగ్రీలు చల్లదనముగానే తోచును గాని, ఆ దుస్తులతో కదలక మెదలక గంటలకొలది నిలుచుట వేఱు సంగతి. చూచువారికి అది బొమ్మలకొలువు. నిలుచున్నవానికి మాత్రము అదియొక ఉద్యోగము.

ఆ ఉద్యోగి మిగిలిన దినములలో ఏమి చేయును? ఇందుకు 2022 సెప్టెంబరును మించిన సమాధానము లేదు. ఎలిజబెత్ రాణి 8వ తేదీన మరణించినపుడు శవపేటికను మోయవలసిన గ్రెనేడియర్ గార్డ్స్ దళమువారు ఇరాకులో సైనికవిధిలో ఉండిరి. వారిని విమానముపై రప్పించిరి. 19వ తేదీన సీసపు తొడుగుగల ఆ పేటికను ఎనిమిదిమంది యువకులు విండ్సరు దేవాలయపు మెట్లపై అడుగు తడబడక మోసికొనిపోవుట కోట్లమంది చూచిరి. ఆ భుజములు కొన్ని దినముల క్రిందట ఎడారిలో తుపాకులు మోసినవని ఎందఱికి తట్టినదో తెలియదు. ఆ దినమే ఫిరంగిబండిని 142 మంది నావికులు లాగిరి. ఈ ఆచారము పుట్టిన తీరు తమాషాగా నుండును. 1901లో విక్టోరియా రాణి అంత్యయాత్రలో, విండ్సరు స్టేషనువద్ద చలిలో నిలిచి నిలిచి గుఱ్ఱములు బెదరి, పగ్గములు తెంచుకొన్నవి. ప్రక్కన గౌరవవందనమునకై నిలిచిన నావికులు అప్పటికప్పుడు త్రాళ్ళు కట్టి తామే బండి లాగిరి. ఒకనాటి తబ్బిబ్బు మరునాటికి సంప్రదాయమైనది. బ్రిటిష్ వారి ఆచారములలో పెక్కింటి వెనుక ఇట్టి కథలున్నవి. వానిని అనాదినుండి వచ్చినట్లు నడుపుటయే వారి నేర్పు.

ఒకే మనిషి రెండు పనులు చేయుట ప్రతిష్ఠయే. కాని దానికి వెల యున్నది. ఆ వెల 1982లో తెలియవచ్చినది. ఆ యేడు ఏప్రిల్ 2న అర్జెంటైనా సేనలు దక్షిణ అట్లాంటికులోని ఫాక్‌లాండ్ దీవులను ఆక్రమించినవి. ఇంగ్లండునుండి ఆ దీవులు 8,000 మైళ్ళ దూరము. మొదట పోయినవి కమాండో దళములును, పారాచూట్ పటాలములును. వానికి వెనుదన్నుగా పంపవలసిన 5వ బ్రిగేడునుండి పారాచూట్ పటాలములను ముందే తీసివేసినందున ఆ ఖాళీలు పూరింపవలసివచ్చినది. అందుకై ఎన్నుకొన్నది లండనులో రాజభవనముల పహరా కాయుచుండిన స్కాట్స్ గార్డ్స్, వెల్ష్ గార్డ్స్ పటాలములను. వేల్సు కొండలలో కొలది దినములు అభ్యాసము చేయించి, మే 12న క్వీన్ ఎలిజబెత్ 2 అను విలాసనౌకపై గూర్ఖాలతోపాటు వారిని దక్షిణమునకు పంపిరి.

దీవిపై దిగిన పిదప వెల్ష్ గార్డ్స్ కాలినడకన ముందునకు సాగ యత్నించి, సామాను మోయు బండ్లు మొరాయింపగా వెనుదిరిగిరి. హెలికాప్టర్ల కొఱత యుండినది. కావున వారిని ఓడలలో తీరము వెంబడి తరలింప నిశ్చయించిరి. జూన్ 8న ఫిట్జ్‌రాయ్‌వద్ద సర్ గలహాడ్ అను నౌక పట్టపగలు, ఆకాశమునుండి తగిన రక్షణ లేక, నిలిచియుండగా అర్జెంటైనా విమానములు బాంబులు కురిపించినవి. 48 మంది మరణించిరి. అందు 32 మంది వెల్ష్ గార్డులే. తప్పు పటాలముదా, వారినట్లు నిలిపినవారిదా అను వాదము నాలుగు దశాబ్దములు దాటినను ఆ పటాలపు మాజీ సైనికులలో చల్లారలేదు. రక్షణలేని ఓడలో కూర్చుండుమని ఆజ్ఞ పొందినవానిని అనభ్యాసి యని నిందించుట న్యాయము కాదని ఈ రచయిత అభిప్రాయము. అయినను, పహరానుండి యుద్ధమునకు అంత త్వరగా నెట్టబడుట వారికి మేలు చేసినదని ఎవ్వరును అనజాలరు.

ఇక స్కాట్స్ గార్డ్స్ కథ వేఱు. జూన్ 13 రాత్రి మొదలుకొని 14 ఉదయమువఱకు టంబుల్‌డౌన్ కొండపై, మంచు పడుచుండగా, బండబండకును పోరాడి, బాయ్‌నెట్లతో శత్రువు స్థావరములను పట్టుకొనిరి. ఎదుట నిలిచినవారు అర్జెంటైనా నావికాసేనలో గట్టివారు. ఆ దినముననే అర్జెంటైనా సేనాని లొంగిపోయినాడు. ఆ యుద్ధమున బ్రిటిష్ పక్షమున చనిపోయినవారు 255, అర్జెంటైనా పక్షమున 649. పై రెండు పటాలములు ఒకే శిక్షణ పొంది, ఒకే ఓడలో పోయినవి. ఒకదానికి కీర్తి దక్కినది, రెండవదానికి శోకము దక్కినది.

ఆనాడు ఖాళీ పూరించుటకు ఇట్టి పటాలములైన ఉండినవి. నేటి సంగతి యేమి? 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమునాడు వీథులలో నిలిచినవారు, నడచినవారు కలిసి సుమారు 29,000 మంది సైనికులు. అప్పుడు నిర్బంధ సైనికసేవ ఉండినది, పదాతి అశ్విక ఫిరంగి దళములన్నియు కలిసి సైన్యము నాలుగు లక్షలకు పైబడి ఉండినది. 1960తో నిర్బంధపు పిలుపులు నిలిచిపోయినవి. 2023 మే 6న చార్లెస్ రాజుగారి పట్టాభిషేకమునకు 7,000 మంది సైనికులు పనిచేయగా, డెబ్బది యేండ్లలో ఇంతటి సైనికోత్సవము లేదని చెప్పుకొనిరి. 2021లో ప్రభుత్వము సైన్యమును సుమారు 73,000కు కుదింప నిశ్చయించినది. 2025 నాటికి శిక్షణ పొంది పూర్తికాలము పనిచేయు సైనికులు 71,000కు అటునిటుగా ఉండిరి. లండనులోని వెంబ్లీ క్రీడారంగమున 90,000 మంది కూర్చుండవచ్చును. సైన్యమంతయు వచ్చి కూర్చుండినను చోటు మిగులును. 2023లో ఉక్రెయినుకు 14 చాలెంజర్ టాంకులనిచ్చినపుడు అది పెద్ద దానమని పొగడిరి. క్రొత్త నమూనాకు మార్పించుకొనదలచినవి మొత్తము 148 మాత్రమేయని తెలిసిన పిదప ఆ దానమెంత పెద్దదో అర్థమగును. రెండు విమానవాహక నౌకలున్నవి. 2022 ఆగస్టులో ఒకటి బయలుదేరిన మరునాడే ఆగినది. 2024 ఫిబ్రవరిలో రెండవది నాటో విన్యాసములకు బయలుదేరనే లేదు. రెండింటికిని నౌకను నడుపు చక్రములను త్రిప్పు ఇరుసు దగ్గఱనే లోపము.

ఇట్లని ఆ సేన పని చేయుట లేదనరాదు. ఇటీవలి కాలమున అది చేసిన పనులలో ముఖ్యమైనది ఉత్సవములలో కానరాదు, యుద్ధభూమిలోను కానరాదు. 2022 వేసవినుండి ఉక్రెయిను పౌరులను ఇంగ్లండు మైదానములకు రప్పించి సైనికులుగా తీర్చుచున్నారు. మొదట మూడు వారముల పాఠము. తరువాత ఐదు వారములు. 2024 ముగియునాటికి 50,000 మందికి పైగా ఈ శిక్షణ పొందిరి. నిన్నటివఱకు బడిపంతులో, బండి నడుపువాడో, గుమాస్తాయో అయిన మనిషికి కందకము త్రవ్వుట, గాయమునకు కట్టుకట్టుట, ఇల్లిల్లు గాలించుట నేర్పి, తిరిగి పంపుదురు. పోయినవారిలో ఎందఱు మిగిలిరో నేర్పినవారు అడుగరు కాబోలు. చిత్రమేమనగా, శిక్షకులలో పెద్దవారు ఆఫ్ఘనిస్తానములో కొండలమీద గెరిల్లాలతో పోరాడినవారు. ఎదుటివానికి విమానములు, ఫిరంగులు, ఆకాశమంతట డ్రోనులు గల యుద్ధము వారు ఎఱుగరు. కావున ముందుభూమినుండి వచ్చిన శిష్యులు చెప్పిన సంగతులనుబట్టి గురువులు పాఠము దిద్దుకొనుచు వచ్చిరి.

మనకు ఇందులో పట్టింపేమియని అడుగవచ్చును. సికింద్రాబాదును నేటికిని లష్కరు అందుము. ఆ పేరు బ్రిటిష్ దండు విడిదివలన వచ్చినది. ఏటేట జనవరి 29న ఢిల్లీలో జరుగు బీటింగ్ రిట్రీట్ కవాతు వారి సైనికసంప్రదాయపు కొమ్మయే. ఇప్పుడందు వినవచ్చునవి మన రాగములు. 2025 అక్టోబరులో, వేసవియందు మన అతిథియైన విమానపు తల్లినౌక ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మన విక్రాంత్ నౌకతో కలిసి పశ్చిమ సముద్రమున కొంకణ్ అను విన్యాసములు చేసినది. ఒకప్పటి ప్రభువుల నౌకయు, మనము స్వయముగా కట్టుకొన్న నౌకయు సమానముగా ప్రక్కప్రక్కన నడచినవి. అట్టి దేశము తన సైనికుని ఎట్లు చూచుకొనుచున్నదను ప్రశ్న, ఉత్సవములు వారినుండి నేర్చుకొన్న మనకు పరాయిది కాదు.

ఆ ప్రశ్నకు జవాబు కవాతు మైదానమున దొరకదు. సైనికుని ఇంటిలో దొరకును. 1996లో బ్రిటిష్ ప్రభుత్వము సైనికుల కుటుంబములు నివసించు 57,000కు పైగా ఇండ్లను ఒక ప్రైవేటు సంస్థకు 166 కోట్ల పౌండ్లకు అమ్మి, ఆ ఇండ్లనే తిరిగి అద్దెకు తీసికొన్నది. మరమ్మతుల భారము మాత్రము ప్రభుత్వము నెత్తిననే మిగిలినది. అమ్మినవాడు అద్దెయును కట్టి, కప్పును వేయించు బేరము లోకములో మఱియెక్కడనైన కలదేమో! గోడలకు చెమ్మ, బూజు, చలికాలమున చెడిపోయిన నీటికాగులు, వీనిని గూర్చిన ఫిర్యాదులు యేండ్లకొలది సాగినవి. 2024 డిసెంబరులో పార్లమెంటు రక్షణ సంఘమువారు కుటుంబములుండు ఇండ్లలో మూడింట రెండుపాళ్ళకు భారీ మరమ్మతులో, పునర్నిర్మాణమో అవసరమని తేల్చిరి. 2025 జనవరిలో ప్రభుత్వము ఆ ఇండ్లలో మిగిలిన 36,347 ఇండ్లను దాదాపు 600 కోట్ల పౌండ్లకు తిరిగి కొన్నది. దీనివలన అద్దె రూపమున దినమునకు 6 లక్షల పౌండ్లు మిగులునని మంత్రులు సంతోషముతో ప్రకటించిరి. ముప్పదియేండ్లు ఆ సొమ్ము పోయినదెక్కడికని అడిగినవారికి జవాబు అందులోనే యున్నది.

అదే యేడు నవంబరులో, పదియేండ్లలో 900 కోట్ల పౌండ్లు వెచ్చించి ఆ ఇండ్లను బాగుచేయింతుమని వేఱొక ప్రణాళిక వెలువడినది. ఎఱ్ఱకోటు విప్పి ఇంటికి పోయిన గార్డు తలుపు తెఱచినపుడు గోడమీది చెమ్మ తగ్గినదో లేదో ఆ పదియేండ్లలో తేలవలసియున్నది.