లేనిది లేదు

జపాన్ వారి 'సకురా సైన్స్' కార్యక్రమం 2014లో మొదలైంది. 2016 నుంచి మన దేశపు పిల్లలూ వెళ్తున్నారు. వారిలో కేంద్రీయ విద్యాలయాల వాళ్లూ నవోదయల వాళ్లూ ఉన్నారు. వారం రోజులు తిరిగొచ్చిన పిల్లలు చెప్పే కబుర్లను మేము ఇష్టంగా వింటాం. ప్రయోగశాలలు, రోబోలు, నిమిషం ఆలస్యం కాని రైళ్లు... చెప్పే పిల్ల కళ్లలో వెలుగు చూస్తే మాకూ సంతోషమే. కానీ నవోదయ సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి. అంత దూరం వెళ్లిన పల్లె పిల్లలు అక్కడి పల్లె ఎలా ఉందో చూడకుండా తిరిగి వస్తున్నారన్న వెలితి మాకు ఉండిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాం. అలాంటి ఏ విదేశీ అధ్యయన యాత్రలోనైనా రెండు రోజులు పల్లెకు కేటాయించాలి. అదీ ముస్తాబు చేసి చూపించే పల్లెకు కాదు, ఖాళీ అయిపోతూ నిలదొక్కుకున్న పల్లెకు. ఎక్కడికని అడిగితే మా ఓటు అమాకు.

అమా అనేది జపాన్ సముద్రంలో, ఒకి దీవుల్లో ఒక చిన్న దీవి మీది ఊరు. షిమానె ప్రిఫెక్చర్‌లో ఉంది. ఒడ్డు నుంచి ఓడలో సుమారు మూడు గంటల ప్రయాణం. 1221లో యుద్ధంలో ఓడిన గోతొబా చక్రవర్తిని ప్రవాసం పంపింది ఇక్కడికే. అంటే, పంపిస్తే మళ్లీ తిరిగి రాలేనంత దూరమని ఆనాడే లెక్క. (బదిలీ ఉత్తర్వులు అందుకుంటూ ఉండే మాకు ఆ చక్రవర్తి మీద కాస్త సానుభూతి ఎక్కువే.)

1950లో అమాలో దాదాపు 7 వేల మంది ఉండేవారు. ఇప్పుడు 2,300 దరిదాపుల్లో ఉన్నారు. ఊరు అప్పుల్లో కూరుకుపోయినప్పుడు, 2002లో మేయరైన యమౌచి మిచియో మొదట తన జీతాన్నే సగానికి కోసుకున్నారు. ఉద్యోగులూ తగ్గించుకున్నారు. చేపలూ ఆల్చిప్పలూ టోక్యో చేరేసరికి తాజాదనం పోయి ధర పడిపోయేది. రుచి చెడకుండా గడ్డకట్టించే యంత్రాలు తెచ్చి ఆ నష్టాన్ని ఆపారు. అక్కడి వాళ్లు కూరలో మాంసానికి బదులు సముద్రపు నత్తను వేసుకుంటారు. వాళ్లకది ఇంట్లో మామూలు వంట. బయటి నుంచి వచ్చినవాళ్లు వింతగా చూశాక గానీ అదీ అమ్ముకోవచ్చని తోచలేదు. ప్యాకెట్లలో పెట్టి అమ్మారు.

ఈ ఊరి నినాదం 'నై మోనో వా నై'. దానికి రెండు అర్థాలు చెబుతారు. తెలుగులోకి తెస్తే 'లేనిది లేదు' అవుతుంది, రెండు అర్థాలూ చెక్కుచెదరకుండా దిగుతాయి. మా దగ్గర దొరకనిదంటూ లేదు అని ఒకటి. లేనిది లేదంతే, దానికోసం ఏడవం అని ఇంకొకటి. అనువాదంలో ఇంత సుళువు మాకు ఎప్పుడో గానీ దొరకదు.

టీచర్లుగా మమ్మల్ని పట్టుకున్నది మాత్రం అక్కడి బడి. చుట్టుపక్కల మూడు దీవులకూ కలిపి ఒకటే హైస్కూలు, దోజెన్. 2008 నాటికి విద్యార్థులు 90 మంది కూడా లేరు. అది మూతపడితే 15 ఏళ్లకే పిల్లలు సముద్రం దాటాలి, వాళ్ల వెనకాలే తల్లిదండ్రులూ వెళ్లిపోతారు. ఇది మనకు కొత్త సంగతి కాదు. ఊరి బడికి తాళం పడిన రెండు మూడేళ్లకు ఇళ్లకు తాళాలు పడటం మనమూ చూశాం.

వాళ్లు తమ బడిని దేశం మొత్తానికి తెరిచారు. 2010 నుంచి నగరాల పిల్లలు ఓడెక్కి వచ్చి, హాస్టల్లో ఉండి ఇక్కడ చదువుకుంటున్నారు. తర్వాతి ఏళ్లలో సంఖ్య 150 దాటింది. ఊరి సమస్యలే పాఠాలయ్యాయి. అంతకు ముందే, 2009లో, ఈ బడి పిల్లలు హైస్కూళ్ల జాతీయ పర్యాటక పోటీకి ఒక యాత్ర రాసిచ్చి మొదటి బహుమతి గెలిచారు. ఆ యాత్రలో చూడవలసిన స్థలాల కన్నా కలవవలసిన మనుషులే ముఖ్యం. ఇంకొక ఏర్పాటు కూడా ఉంది. బయటి నుంచి వచ్చిన పిల్లలకు ఊళ్లో 'షిమా ఓయా' ఉంటారు. అంటే దీవిలో అమ్మానాన్నల్లాంటి వాళ్లు. హాస్టల్లో ఉన్న పిల్లకు ఊళ్లో ఒక ఇల్లు ఉంటుందన్నమాట.

ఇది చదివినప్పుడు మాకు మా తొమ్మిదో తరగతి పిల్లలు గుర్తుకొచ్చారు. నవోదయ వలస పథకం కింద తెలుగు పిల్లలు ఏడాదిపాటు హిందీ ప్రాంతానికి, అక్కడి పిల్లలు మన వైపుకు వెళ్తారు కదా. హిందీ ప్రాంతంలో వాళ్ల కోసం ఉన్న తెలుగు టీచర్లం మేము. వార్షిక పరీక్షలయ్యాక, రైలెక్కే ముందు, "ఈ ఊరి గురించి ఒక పేజీ రాయండి" అన్నాం. ఒకమ్మాయి డార్మిటరీ, మెస్సు, మైదానం, గేటు రాసింది. గేటు దగ్గర పేజీ అయిపోయింది. గేటు అవతల చెరకు తోటలున్నాయి. చలికాలమంతా గానుగ ఆడుతుంది, ఉడికే బెల్లం వాసన స్టడీ అవర్‌లోకి వస్తుంది. తప్పు ఆ పిల్లది కాదు. మూడేళ్లుగా ఇక్కడున్న మేము ఈ ఊరి ప్రధాన్ పేరు అడిగితే నీళ్లు నములుతాం.

పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లాలంటే భద్రత మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. ఎవరింట్లోనూ ఉంచమని మేము అనడం లేదు. అమాలోనూ పిల్లలు నిద్రపోయేది హాస్టల్లోనే. నెలకో ఆదివారం, టీచర్ తోడుగా, ఒకే ఇంటికి, ఒక పూట భోజనానికి. అనుమతి కాగితాల పని మేము చేసుకుంటాం.

రెండో ప్రశ్న ఇంతకన్నా గట్టిది. పైకి ఎగరాల్సిన పల్లె పిల్లల్ని మళ్లీ పల్లెకే కట్టేస్తారా? పల్లె వదిలి ఉద్యోగాల్లోకి వచ్చిన మేము ఎవర్నీ ఆగమని చెప్పలేం. అమా పిల్లలు కూడా కాలేజీ చదువులకు ఓడెక్కి వెళ్తారు. ఆ ఊరి జనాభా మళ్లీ 7 వేలకు చేరలేదు. కాకపోతే వెళ్లే పిల్లకు తాను దేన్ని వదిలి వెళ్తోందో తెలుసు. మా పిల్లలకు, ఆరో తరగతిలో ఇల్లు వదిలినవాళ్లకు, సొంత ఊరూ పూర్తిగా తెలియదు, చదువుకున్న ఊరూ తెలియదు. ఐఐటీ సీట్ల జాబితాను నోటీసు బోర్డులో పెట్టుకుని మురిసే మేము ఈ లెక్క ఎప్పుడూ తీయలేదు.

జపాన్ యాత్రలో ఊరు చేర్చడం పైవాళ్ల చేతిలో ఉంది. గేటు అవతలి ఊరు మా చేతిలోదే. గానుగ దగ్గరి పెద్దాయన రెండేళ్ల కిందటే, "పిల్లల్ని తీసుకురండి మాస్టర్‌జీ, వేడి బెల్లం పెడతాను" అన్నాడు. తీసుకెళ్తామని తలూపి వచ్చాం. ఈ చలికాలం మళ్లీ గానుగ మొదలవుతుంది.