తోడేళ్ల ఉచ్చు తీగపై అలాస్కా వేట నియమాల బోర్డుకు బహిరంగ లేఖ



గవర్నరు నియమించే ఏడుగురు సభ్యుల అలాస్కా బోర్డ్ ఆఫ్ గేమ్ వేట పద్ధతులను నిర్ణయిస్తుంది గనుక, తోడేళ్ల ఉచ్చుకు వాడే తీగ ఎంపిక కేవలం వేటగాడి అభిరుచికి వదలదగిన విషయం కాదని విన్నవించడమైనది.

ఏడేసి పోగుల పాయలు ఏడింటిని కలిపి పేనిన ఉక్కుతీగ సులువుగా వంగుతుంది. 19 పోగులను ఒకే పాయగా పేనినది బిరుసుగా, నునుపుగా ఉండటం వల్ల ఉచ్చు వెనక్కి సడలకుండా పట్టి ఉంచే బిగింపు బిళ్ల దానిపై వేగంగా జారుతుంది. ఏ రకమైనా మరీ సన్నదైతే తోడేలు కొరికి తెంపుకొని, మెడలో ఉచ్చుతోనే పారిపోయే ప్రమాదముంది. సన్న తీగతో చేసే ఆ పొదుపు దయ అనిపించుకోదు, లాభమూ కాదు.

లావు తీగతో వచ్చే చిక్కు మూస్‌ది. మంచుకు మోకాలెత్తున వేలాడదీసిన ఉచ్చులో ఆ భారీ దుప్పి కాలో మూతో ఇరుక్కుంటుంది. నిర్ణీత బలానికి మించి లాగినప్పుడు ఊడిపోయే విడుపు కొక్కెం దీనికి విరుగుడే, కానీ ఉచ్చును కదలని చెట్టుకు కట్టినప్పుడే అది పనిచేస్తుంది; వదులు దుంగకు కడితే మూస్ దుంగను ఈడ్చుకుపోతుందే తప్ప కొక్కెంపై చాలినంత బలం పడదు. ఉచ్చుపైన చాచిన మళ్లింపు తీగ మూస్‌కు ముందుగా తగిలి పక్కకు తప్పిస్తుంది, తోడేలు దాని కింద నుంచి సాగిపోతుంది.

కాబట్టి మూస్ తిరిగే ప్రాంతాలన్నిటా కొక్కెంతో పాటు స్థిరమైన కట్టును కూడా తప్పనిసరి చేయాలని, తీగకు కనీస మందం నిర్దేశించాలని మనవి.