మన సంతకాలతోనే మూతపడుతున్న మన బడులు

శరత్కాలం వచ్చేసరికి పొరుగు రాష్ట్రాలలోని మన తెలుగు సంఘాలకు ఒక పని పడుతుంది. నవంబరు 1న సభ ఎక్కడ జరపాలి, అధ్యక్షుడెవరు, శాలువలు ఎన్ని తేవాలి అన్న చర్చలు సాగుతాయి. నేను కూడా అటువంటి వేదికల మీద శాలువ కప్పించుకొన్నవాడినే. భాషాహక్కుల న్యాయవాదినని పరిచయం చేస్తే లేచి చేతులు జోడించినవాడినే. కాబట్టి ఈ వ్యాసంలోని నిందలో నా వాటాను ముందుగానే ఒప్పుకొంటున్నాను.

మనం సభల ఏర్పాట్లలో మునిగి ఉన్న ఆ వారాలలోనే, ఆ సభలకు ఎన్నడూ రాని మనుషుల మధ్య, మన బడుల భవిష్యత్తు తేలిపోతున్నది. నాకు తెలిసిన కృష్ణగిరి జిల్లా సంగతే చెబుతాను. హోసూరు, తళి, కెలమంగలం, బాగలూరు, బేరికె, వేపనపల్లి ప్రాంతాలలో తరతరాలుగా తెలుగు ఇంటి మాట. ఈ సీమ ఒకప్పుడు సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. జిల్లా మారినప్పుడల్లా కచేరీకి పోయే దారి మారిందే గాని ఊళ్ళో మాట మారలేదు. ఆ మాటలో చదువు చెప్పే ప్రభుత్వ బడులు మాత్రం ఒక్కొక్కటిగా చిక్కిపోతున్నాయి.

2024 అక్టోబరు 2న తళి వైపున్న ఒక పల్లెలో గ్రామసభకు వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. అక్కడి రైతు ఒకరు, “మా బడిలో తెలుగు ఎత్తేస్తారంట, ఒకసారి వచ్చి పోండి సార్” అని కబురు చేశారు. తెలుగు అయ్యవారు 2022లో పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. తమిళం చెప్పే ఉపాధ్యాయురాలే అయిదు తరగతులనూ చూసుకొంటున్నారు. ఆమెను నేను నిందించను. తనకు రాని అక్షరాలను అయిదో తరగతి పాపచేత ఒకటో తరగతి పిల్లలకు దిద్దిస్తున్నారు. అంతకంటె ఆమె చేయగలిగినదేమున్నది?

గ్రామసభలో పాఠశాల నిర్వహణ సంఘపు తీర్మానాల పుస్తకం తెప్పించాము. సెప్టెంబరు నెల పుటలో తమిళంలో ఒక తీర్మానం ఉన్నది. తెలుగు మాధ్యమంలో పిల్లల సంఖ్య తగ్గుతున్నందున వచ్చే విద్యా సంవత్సరం నుండి వారిని తమిళ మాధ్యమంలో చేర్చుటకు తల్లిదండ్రులకు అభ్యంతరం లేదని దాని సారాంశం. దాని కింద పదకొండు సంతకాలు, ఆరు వేలిముద్రలు. నేను దానిని తెలుగులో చదివి వినిపించాను. గులాబీ తోటలో కూలికి పోయే ఒక తల్లి లేచి నిలబడింది. “ఇదంతా రాసినారా దాంట్లో? పిల్లోళ్ళకి పుస్తకాలొచ్చినాయి, చెయ్యి పెట్టమంటే పెట్టినాము సారూ” అన్నది. ఆమె ఆ సంఘంలో సభ్యురాలు. చట్టం ప్రకారం ఆ బడి పనితీరును పర్యవేక్షించవలసిన అధికారి ఆమె. ఆ సంగతి ఆమెకు చెప్పినవారెవరూ లేరు.

అభ్యంతరం లేదన్న మాట ఎంత ప్రమాదకరమైనదో న్యాయవాదిగా చెబుతాను. 2014 మే 6న కర్ణాటక బోధనామాధ్యమ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రాథమిక దశలో మాతృభాషను ప్రభుత్వం బలవంతంగా రుద్దజాలదనీ, మాధ్యమాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ పిల్లవానిదీ వాని పక్షాన తల్లిదండ్రులదీ అనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పును మనలో కొందరు మెచ్చుకొన్నారు, కొందరు తిట్టారు. దాని పర్యవసానాన్ని మాత్రం ఎవరమూ పట్టించుకోలేదు. ఎంపిక తల్లిదండ్రులదైనప్పుడు వారి సంతకమే సాక్ష్యం. రేపు నేను ఆ బడి కోసం హైకోర్టులో రిట్ వేస్తే, ప్రభుత్వ న్యాయవాది గంటసేపు వాదించనక్కరలేదు. ఆ పుటకు జిరాక్సు తీయించి దాఖలు చేస్తే చాలు. మన బడిని మనమే వద్దన్నట్లు రుజువైపోతుంది.

మనకు చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం, ఒక తరగతిలో పదిమంది గాని బడి మొత్తంలో నలభైమంది గాని ఆ భాష పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుని నియమించాలని అంగీకరించింది. 1956 నవంబరు 1న ఏడవ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. భాషాప్రాతిపదికన రాష్ట్రాల గీతలు గీసి మనలను గీత కీవల వదిలిన రోజూ అదే, 350ఏ అధికరణం పుట్టిన రోజూ అదే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకొనే తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించవలసిన బాధ్యతను ఆ అధికరణం రాష్ట్రం మీద మాత్రమే పెట్టలేదు. రాష్ట్రంలోని ప్రతి స్థానిక అధికార సంస్థ మీదా పెట్టింది. అంటే పంచాయతీ కూడా దానికి కట్టుబడినదే. ఇన్నేళ్ళలో మనం చెన్నైకి, ఢిల్లీకి పంపిన వినతిపత్రాలెన్నో. పక్కవీధిలోని పంచాయతీ కార్యాలయానికి పంపినవెన్ని?

2009 నాటి నిర్బంధ విద్యాహక్కు చట్టం మరొక తలుపు తెరిచింది. దాని 21వ సెక్షన్ ప్రకారం నిర్వహణ సంఘంలో నాలుగింట మూడువంతులమంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. సభ్యులలో సగంమంది స్త్రీలు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేసేది ఆ సంఘం. అదనంగా ఎందరు ఉపాధ్యాయులు కావాలో ఆ ప్రణాళికలోనే చూపించాలని కేంద్రపు నమూనా నిబంధనలు చెబుతున్నాయి. బోధనామాధ్యమం ఆచరణసాధ్యమైనంతవరకు పిల్లవాని మాతృభాష కావాలని 29వ సెక్షన్ అంటున్నది. వెనుకబాటుకు గురైన వర్గం అన్న నిర్వచనంలో భాషాపరమైన కారణం కూడా చేర్చి ఉన్నది. అటువంటి వర్గాల తల్లిదండ్రులకు సంఘంలో దామాషా ప్రకారం చోటివ్వాలి. ఆ వర్గాలేవో ప్రకటించే అధికారం ప్రభుత్వానిది, ప్రకటించమని అడగవలసిన పని మనది.

ఇదే చట్టంలో ఒక లోపమూ ఉన్నది. అరవైమంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులని దాని షెడ్యూలు అంటుంది. ఆ ఇద్దరూ ఏ భాష చెప్పగలవారో అడగదు. తెలుగు అయ్యవారు పోయి తమిళ అయ్యవారు వస్తే కాగితం మీద లోటేమీ ఉండదు. ఆ లోటు కాగితం మీద కనబడాలంటే నిర్వహణ సంఘం తన ప్రణాళికలో భాష పేరు రాసి అడగాలి. మరి ఆ సంఘంలో మన తల్లులు ఉన్నారు, మనం లేము.

చదువుకొన్న మనవారు ఒకచోట తరచు పొరబడుతుంటారు. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది గదా అంటారు. అది మన సంఘాలు స్వయంగా స్థాపించి నడుపుకొనే బడుల మాట. ప్రభుత్వ తెలుగు బడి మైనారిటీ సంస్థ కాదు. అక్కడ నిర్వహణ సంఘానికి పూర్తి అధికారం ఉన్నది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, బళ్ళారి, పావగడ, షోలాపూరు సోదరులు కూడా తమ ఊళ్ళలోని ప్రభుత్వ బడులకు ఈ 21వ సెక్షన్‌ను అన్వయించి చూసుకోవాలి. తెలుగే అధికుల మాట అయిన యానాం కథ వేరు.

మనవాళ్ళు చెప్పే మరొక మాట, పోరాటం కోర్టులో ఉన్నది గదా అని. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వల్ల పదో తరగతి పరీక్షలో తమిళం తప్పనిసరి అయినప్పుడు మన పిల్లల కోసం ఏళ్ళ తరబడి న్యాయస్థానాలలో పోరాడినవారి మీద నాకు గౌరవమున్నది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ యేటి పరీక్షకు మినహాయింపు ఇచ్చిననాడు నేనూ సంతోషించాను. కాని ఒకటో తరగతిలో తెలుగు పిల్లలే లేకపోతే పదో తరగతి మినహాయింపు ఎవరికి? పైగా మనం తమిళానికి శత్రువులము కాము. హోసూరు పిల్లవాడికి తమిళం కావాలి, రావాలి. ఒక భాషను నేర్పడం వేరు, దాని పేరు మీద మరొక భాషను బడి నుండి పంపివేయడం వేరు. ఆ పల్లెలోని తమిళ ఉపాధ్యాయురాలికి ఈ తేడా మనకంటె బాగా తెలుసు. తెలుగు టీచరు వస్తే మొదట సంతోషించేది తానేనని ఆమె సభలోనే అన్నారు.

ఆనాడు ఆ ఊరివారు చేసిన పని ఇది. తల్లులు తమ సమ్మతి తెలియక ఇచ్చినదని కొత్త తీర్మానం రాయించారు. రెండు భాషలలో రాసి, చదివి వినిపించిన తరువాతనే చేయి పెట్టారు. గ్రామసభ కూడా 350ఏ అధికరణాన్ని పేర్కొని ఒక తీర్మానం చేసింది. తరువాత ప్రవేశాల రిజిస్టరు చూశాము. అసలు దెబ్బ అక్కడ తగిలి ఉన్నది. ఇంట్లో తెలుగు తప్ప వేరే మాట లేని పందొమ్మిదిమంది పిల్లలకు మాతృభాష గడిలో తమిళమని రాసి ఉన్నది. ఎవరూ కుట్ర చేయలేదు. అడిగినవారు లేరు, చెప్పినవారు లేరు. పైగడిలో ఏముంటే కిందిగడిలో అదే నింపుతూ పోయారు. దేశమంతటా బడుల లెక్కలకు సెప్టెంబరు 30 ఆధార తేదీగా ఉంటూ వస్తున్నది. అంటే మనం సభకు హాలు వెతికే రోజులకు మన పిల్లలు లెక్కలో తమిళులై ముగిసి ఉంటారు. పదిమంది, నలభైమంది అన్న సూత్రాన్ని ఆ లెక్క ముందు పట్టుకొని ఏం చేస్తాము?

గడులు దిద్దించడానికి నాలుగు నెలలు పట్టింది. 2025 జూన్‌లో వారానికి మూడు రోజులకు ఒక తెలుగు ఉపాధ్యాయుడు పక్క బడి నుండి డెప్యుటేషన్ మీద వచ్చారు. అది న్యాయం కాదు, సగం న్యాయం కూడా కాదు. ఒకటో తరగతిలో మాత్రం పన్నెండుమంది చేరారు.

నా పిల్లలిద్దరూ హోసూరులో పసుపుపచ్చ వ్యానెక్కి ఇంగ్లీషు బడికి పోయి చదువుకొన్నారు. ఈ పత్రిక చదివే వకీళ్ళు, డాక్టర్లు, ఫ్యాక్టరీ ఉద్యోగులలో చాలామంది ఇళ్ళలో జరిగిందీ అదే. కనుక తల్లిదండ్రుల కోటాలో ఏ ప్రభుత్వ బడి సంఘంలోనూ మనకు చోటు లేదు. ఇది మన మొగం దాచుకోవడానికి బాగా పనికివచ్చిన సాకు. కాని 2024 ఆగస్టులో తమిళనాడులో ఈ సంఘాలను తిరిగి ఏర్పరచినప్పుడు పూర్వ విద్యార్థులకు కూడా చోటు కల్పించారు. ‘తెలుగు బడిలో చదివి ఈ స్థాయికి వచ్చాను’ అని మైకు ముందు చెప్పుకొనే పెద్దలందరికీ ఇది వర్తిస్తుంది. ఆ బడి ఇంకా ఉన్నదో లేదో చూసి రావడానికి హోసూరు నుండి బస్సులో గంట పట్టదు. తళి వైపు పల్లెలో ఆ స్థానాలకు పేర్లిమ్మంటే ముందుకు వచ్చినవారెవరూ లేరట. సంతకం చేసిన కూలితల్లిని తప్పుపట్టే అధికారం నాకున్నదని నేననుకోను.

2022 నుండి తమిళనాడులో నవంబరు 1న కూడా గ్రామసభ జరుపుతున్నారు. మన సభా, గ్రామసభా ఒకేరోజు వస్తున్నాయి. ఈసారి శాలువల సభకు రాలేనని నిర్వాహకులకు తెలియజేశాను. నేను చదివిన బడి బేరికె వైపున్నది. అక్కడి తెలుగు మాధ్యమంలో ఇప్పుడు ఎందరున్నారని ప్రధానోపాధ్యాయునికి ఉత్తరం రాశాను. ముప్ఫై ఒక్కమందని జవాబు వచ్చింది. మాతృభాష గడిలో ఏమి రాశారని మళ్ళీ రాశాను. ఆ జవాబు రాలేదు. రిజిస్టరు చూడడానికి ఆ ఉదయం నేనే వెళుతున్నాను.