దాడులు చేశారు, నిద్ర మాటేమిటి?
నిజామాబాద్ జిల్లాలో సిరికొండ నుంచి బోధన్ చెరకు పల్లెల దాకా మత్తు అనగానే గుర్తొచ్చేది కల్తీ కల్లే. అల్ప్రాజోలం, డైజీపామ్ కలిపిన ఆ కల్లు 2015లో ఎక్సైజ్ దాడులతో ఒక్కసారిగా ఆగిపోయేసరికి వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో జనం నిజామాబాద్ ఆసుపత్రికి బారులు తీరారు. ఆ మందులు హెరాయిన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లు కావు, నిజమే. కానీ కల్లు సీసాకు అలవాటు పడ్డవారినైనా, ట్రమడాల్ నొప్పి బిళ్లకు అలవాటు పడ్డవారినైనా తిరిగి అటే లాక్కెళ్లేది నిద్ర పట్టని రాత్రి. నిద్ర కరువైతే నొప్పి మరింత తెలుస్తుంది, మనసు మీద పట్టు సడలుతుంది. మెలకువగా ఉంచే ఒరెక్సిన్ కణాలు హెరాయిన్ వాడినవారి మెదళ్లలో ఎక్కువగా ఉన్నాయని 2018లో కాలిఫోర్నియా పరిశోధకులు గమనించారు. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలినవారి సంగతి మరీ కష్టం. మెదడు ముందు భాగం దెబ్బతింటే తమాయించుకునే శక్తి తగ్గుతుంది, నిద్ర చెదురుతుంది, పైగా నొప్పి బిళ్లల చీటీ చేతిలోనే ఉంటుంది.

ఇదంతా తాగేవాళ్లకు సాకులు వెతకడమేనని కొందరంటారు. చట్టం చాలదా అనీ అడుగుతారు. కానీ అల్ప్రాజోలం ఏనాడో మత్తుమందుల చట్టమైన ఎన్‌డీపీఎస్ కిందికి వచ్చింది, కల్లులోకి రాక మానిందా? దాడులు వద్దని కాదు. దాడి జరిగిన ఊరికి వెంటనే డాక్టరు వెళ్లాలి, మోతాదు మెల్లగా తగ్గించే చికిత్స మండలంలోనే దొరకాలి. సిబ్బంది ఎక్కడన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ తలకు కట్టుతో ఇంటికెళ్తున్న మనిషిని ‘నిద్ర పడుతోందా, కల్లు అలవాటుందా’ అని అడగడానికి కొత్త పోస్టులేమీ అక్కర్లేదు.