ఉచితమంటే ఎవరి ఖర్చు?

మదనపల్లె టమాటా మార్కెట్లో వేలం ఎప్పుడైనా చూశారా? పాట బిగ్గరగా సాగుతుంది. ధర నచ్చినా నచ్చకపోయినా రైతు చెవిన పడుతుంది. మండీ కమీషన్ ఎంతో తెలుసు కాబట్టి తిట్టుకోనైనా తిట్టుకుంటాడు.

మీరు ప్రకటనలున్న వెబ్‌సైటు తెరిచినప్పుడూ చాలాసార్లు వేలమే జరుగుతుంది. పేజీ కనబడేలోగా, కనురెప్పపాటులో, మీ చూపును ప్రకటనలవాళ్ళు పాడుకుంటారు. ఆ పాట మాత్రం మీకు వినబడదు.

చూపులే సరుకైనప్పుడు ఏం పండిస్తారు? 2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీలో మా పుంగనూరు ఆవులకు మేత పెట్టారు. ఇక చూడండి, ఎక్కడ చూసినా ఆ పొట్టి ఆవుల వీడియోలే! మామూలు వీడియో తీసినవాడికి యూట్యూబ్ ప్రకటనల రాబడిలో 55 శాతం ఇస్తుంది, తీస్తాడు మరి. తప్పు అతనిది కాదు. కానీ ఆ జాతిని నిలబెట్టడానికి పలమనేరు పశు పరిశోధనా స్థానంలో ఏళ్ళ తరబడి జరిగిన పని మీద పొడుగాటి వ్యాసం రాస్తే పాడుకునేవాడేడీ? కుప్పం అంటే ఎన్నికల వార్త. అక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారన్న సంగతికి క్లిక్కులు రాలవు.

అందుకే ప్రకటనలు లేని సాహిత్య పత్రికలంటే నాకు గౌరవం. ‘ఈమాట’ 1998 నుంచీ అలాగే నడుస్తోంది, చిన్న విషయం కాదు. అయితే మనం దాచుకుంటున్న నిజం ఒకటుంది. ప్రకటనలవాడు కట్టని ఖర్చు సంపాదకుల జేబులోంచో, రచయిత నిద్రలోంచో వస్తుంది. రెండు నెలలు కూర్చుని రాసిన వ్యాసానికి ఒకచోట నాకు దక్కింది ‘ధన్యవాదాలు’ అన్న ఒక్క మాట. నాకు జీతం ఉంది, సరిపెట్టుకున్నాను. కుప్పంలో ట్యూషన్లు చెప్పుకుంటూ రాసే అమ్మాయి ఎలా సరిపెట్టుకుంటుంది? డబ్బివ్వని సాహిత్యంలో చివరికి మిగిలేది జీతగాళ్ళ గొంతులే.

డబ్బొస్తే సాహిత్యం చెడిపోతుందంటారు. వారపత్రికలు కథలకు పారితోషికం ఇచ్చిన రోజుల్లో మంచి కథలు రాలేదా? ఆ మనియార్డరు కోసం ఎదురుచూసిన రచయితలు తక్కువవాళ్ళా?

నేనడిగేది ఇంతే. పత్రికలు ఏడాది లెక్క పాఠకుల ముందు పెట్టాలి. సర్వరుకింత, రచయితకింత అని చెప్పి చందా అడగాలి. ఇవ్వలేనివాళ్ళు ఊరికే చదువుకోనీండి, ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండి. వ్యాసానికి 500 రూపాయలైనా సరే, మొదలుపెట్టాలి.

ఇది కూడా మీరు ఉచితంగానే చదివారు. అందుకు నాకేం గర్వంగా లేదు.