కొండమీద కోతికి స్వాబ్ ఎవరు తీస్తారు?

కొండ గుడికో, ఉదయగిరి దుర్గానికో పోయినప్పుడు కోతి కనబడితే మన చేతిలో ఉన్నది పడేస్తాం. సగం కొరికిన అరటిపండు, అడుగున కాస్త మిగిలిన కూల్‌డ్రింక్ సీసా. పుణ్యం అనుకుంటాం. మన ఎంగిలితో పాటు మన వైరస్ కూడా పోవచ్చని అనుకోం. కోవిడ్ వైరస్ కోతులకు సోకుతుందని ప్రయోగశాలల్లో ఎప్పుడో తేలింది.

కరోనా రోజుల్లో గబ్బిలాన్ని తిట్టని వాడు లేడు. కానీ ఈ బండికి రివర్స్ గేర్ కూడా ఉంది. 2021లో హైదరాబాద్ నెహ్రూ జూలో సింహాలు ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడితే, నమూనాలు సీసీఎంబీకి పంపారు. 8 సింహాలకు పాజిటివ్ అని మే 4న ప్రకటించారు. అవి కోలుకున్నాయి. తర్వాతి నెలలో చెన్నై వండలూరు జూలో రెండు సింహాలు చచ్చిపోయాయి.

జూలో అయితే కీపర్ ఉంటాడు, సింహం దగ్గితే గమనిస్తాడు. మరి అడవిలో? ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లాలో ఒక చిరుత పిల్ల వేరే జంతువు దాడిలో చచ్చిపోయింది. పరీక్ష చేస్తే ఒంట్లో డెల్టా వేరియంట్! అది చచ్చింది గాయాలతో. ఎవరో శ్రద్ధగా శాంపిల్ తీయబట్టి వైరస్ సంగతి బయటపడింది. అమెరికాలో నాలుగు రాష్ట్రాల అడవి జింకల్లో 2021లో తీసిన రక్త నమూనాలు చూస్తే, 40 శాతం వాటిలో యాంటీబాడీలున్నాయి. అట్లా వాటిలో తిరిగి తిరిగి మారిన వైరస్ మళ్ళీ మన మీదికి వస్తే? డెన్మార్క్‌లో మింక్ ఫారాల నుంచి 2020లో వచ్చింది కూడా.

"మనుషులకే దిక్కు లేదు, జింకలకు టెస్టులా?" అని మా హాస్టల్లో ఒకడు నవ్వాడు. న్యాయమైన ప్రశ్నే. నేననేది వెలిగొండ అడవుల్లో జంతువుల్ని వలేసి పట్టమని కాదు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు రోడ్డు మీద బండి గుద్ది చచ్చిన జింకకో, బావిలో పడి చచ్చిన ఎలుగుకో పోస్ట్‌మార్టం ఎటూ చేయాల్సిందే. అప్పుడే ముక్కులోంచి, గొంతులోంచి ఇంకో రెండు స్వాబ్‌లు తీయాలి. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది. లేనిదల్లా ఇక్కడి నుంచి అక్కడిదాకా ఐస్ కరగకుండా శాంపిల్ చేర్చే ఏర్పాటు. అది మన బ్రాంచీల వాళ్ళకు ప్రాజెక్టుగా బాగానే ఉంటది, ఎన్నాళ్ళని అటెండెన్స్ యాప్‌లు చేస్తాం!

నాకున్న భయం వేరే. ఒక కోతికి పాజిటివ్ అని వాట్సాప్‌లో ముందు తెలిస్తే, విషం కలిపిన అన్నం పెట్టేవాళ్ళు తయారవుతారు. అసలే చేన్లు పాడుచేస్తున్నాయని కోపం మీదున్నారు. అందుకే ఫలితం ఊళ్ళోకి పశువైద్యుడి నోటి నుంచే రావాలి, గ్రామసభలో, ఏం చేయకూడదో కూడా అప్పుడే చెప్తూ.