తల్లికి శ్రద్ధ లేదట!

"ఇంట్లో తల్లి కాస్త శ్రద్ధ పెడితే బాగుపడతాడు."

ఈ మాట నేను జూబ్లీహిల్స్‌లో మా అబ్బాయి చదివే స్కూల్లో విన్నాను. మా ఇంట్లో వంట చేసే ఆమె ఫిల్మ్‌నగర్ బస్తీలో తన కొడుకు బడిలో విన్నది. ఇద్దరు పిల్లలూ తెలివైనవాళ్లే, అక్షరాలే లొంగవు. తండ్రి ఏం చేస్తున్నాడని మాత్రం రెండు చోట్లా ఎవరూ అడగలేదు.

ఈ నిందకు దేశం, భాష అడ్డు కావు. ఇక్కడ పిల్లల్లో ఏ లోపం కనబడినా కడుపుతో ఉండి గ్రహణం చూసిందంటారు. అమెరికాలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఏకంగా పుస్తకం రాసి, ఆటిజాన్ని తల్లుల ప్రేమరాహిత్యానికి అంటగట్టాడు. అది తప్పని తేలేలోగా ఎందరు తల్లులు కుమిలిపోయారో!

2007లో వచ్చిన హిందీ సినిమా 'తారే జమీన్ పర్' డిస్లెక్సియా అన్న మాటను మన ఇళ్లలోకి తెచ్చింది. సంతోషమే. కానీ అందులోనూ ఉద్యోగం మానుకున్నది తల్లి, పిల్లవాణ్ణి గట్టెక్కించింది మాస్టారు. ఆమెకు మిగిలినవి కన్నీళ్లు.

1995 నాటి చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో అభ్యసన వైకల్యం లేదు. 2016 చట్టంలోని 21లో చేరింది. దాన్ని వీలైనంత త్వరగా కనిపెట్టి, తగిన పద్ధతిలో చదువు చెప్పే బాధ్యతను 16వ సెక్షన్ బడి మీద పెట్టింది. తల్లి మీద కాదు.

సరే, ఏ భాషలో కనిపెడతారు? మావాణ్ణి ఇంగ్లీషులో పరీక్షించారు. డబ్బు కట్టాం, సర్టిఫికెట్ వచ్చింది. భారతీయ భాషల కోసమని 2015లో వచ్చిన 'డాలీ' పరీక్ష కూడా మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లోనే తయారైంది. ప, ష, వల పోలికలు, గుణింతాలు, వత్తుల దగ్గర తడబడే పిల్లవాడి అవస్థ ఇంగ్లీషు పరీక్షకు అందదు. ఇంట్లో ఉర్దూనో ఒడియానో మాట్లాడే బస్తీ పిల్లల సంగతేమిటి? భాష రాకపోతే వైకల్యమంటారు, వైకల్యముంటే భాష రాలేదంటారు.

ఇంత తెలిసిన నేనే ఒకరోజు ఆమెతో, "సాయంత్రం గంటసేపు వాడి పక్కన కూర్చో" అన్నాను.

"మీ ఇంట్ల వంటయ్యి బయటపడేసరికి ఎనిమిదైతది మేడం. నేను వాని పక్కన ఎప్పుడు కూసోవాలె?" అంది.

నా కొడుకు పక్కన నేను కూర్చునే గంట ఆమె దగ్గర కొనుక్కున్నదే! ఇప్పుడామె ఆరింటికే వెళ్తోంది, జీతం తగ్గించలేదు. రాత్రి వంట మా అబ్బాయి తండ్రిది. ఇదేమీ ఘనకార్యం కాదు, బాకీ.

కుటుంబాలకు అండ అంటే తల్లులకు ఇంకో నీతిపాఠం కాదు. పిల్లవాడి భాషలో పరీక్ష, ఆ బడిలోనే శిక్షణ పొందిన టీచరు, కూలి పోగొట్టుకోకుండా వెళ్లగలిగే వేళలు, తండ్రి సంతకంతో పాటు తండ్రి సాయంత్రాలు కావాలి. అవి ఇచ్చాక మా శ్రద్ధ గురించి మాట్లాడండి.